సుక్క కడుపు సప్పుడు చేయలేదు

పోయిన వారం నేను ఇంటర్వ్యూకి వెళ్లి ఒక గొర్రె ముందు పరువు పోగొట్టుకుని వచ్చాను. నవ్వకండి. టీ తాగుతూ మొదటి నుంచి వినండి.

నల్లగొండ దగ్గర ఒక ఫార్మసీ కాలేజీలో లెక్చరర్ పోస్టు పడింది. ఏడాదిగా చౌటుప్పల్‌లో మందుల ఫ్యాక్టరీలో మాత్రలు పరీక్షించే నాకు పాఠం చెప్పాలని ఒకటే ఆశ. ఇరవై నిమిషాల డెమో క్లాసు. టాపిక్ వాళ్లే ఇచ్చారు: నరాల సందేశాలు అందుకునే రిసెప్టర్లు పేగుల్లోని నరకణాలనూ, సన్నటి రక్తనాళాలనూ ఎలా అదుపు చేస్తాయి?

విషయం నాకు కొట్టిన పిండే. భయమేస్తే నరాల కొసల నుంచి నారడ్రినలిన్ అనే రసాయనం వస్తుంది. పేగు గోడలోని నరకణాల మీదున్న రిసెప్టర్లు దాన్ని పట్టుకోగానే, పేగును కదిలించే సందేశాలు తగ్గిపోతాయి. కడుపు నెమ్మదిస్తుంది. అదే రసాయనం సన్నటి రక్తనాళాల మీది రిసెప్టర్లకు తగిలితే అవి బిగుసుకుంటాయి. అందుకే భయంలో చేతులు చల్లబడతాయి. అంతే!

కానీ బోర్డు మీద బొమ్మ గీసి చెబితే అందరిలో ఒకదాన్నవుతాను కదా? కళ్ల ముందు చూపించాలి. అప్పుడు మా బాపు గుర్తొచ్చాడు.

మాది హాలియా దగ్గర ఊరు. బాపుకు అరవై గొర్రెలు. పొద్దున్నే గొర్రె ఎడమ డొక్క మీద పిడికిలి ఆనించి, లోపల కడుపు తిరుగుతోందా లేదా అని చూస్తాడు. తిరగకపోతే దానికి బాగా లేనట్టు. నేను స్టెతస్కోపు గొట్టంలో చిన్న మైకు దూర్చి, బ్లూటూత్ స్పీకరుకు కలిపి, సుక్క అనే గొర్రె డొక్కకు ఆనించాను. దూరంగా బండి పోతున్నట్టు గుడగుడ! మందలోనే నిలబెట్టి పదిసార్లు లెక్కపెట్టా. ఐదు నిమిషాలకు ఏడు, ఎనిమిది. వెనక నుంచి స్టీలు పళ్లెం మోగించగానే రెండు నిమిషాలు సున్నా. ఇంతకన్నా రుజువేం కావాలి?

బాపు తల గోక్కున్నాడు. "బిడ్డా, ఒక్కదాన్నే తీస్కపోకు. ఇంకోదాన్ని తోడు తీస్కపో."

"ఆటోల జాగా యాడిది బాపు? ఒక్కటి సాలు. నా దగ్గర పది రీడింగులున్నయి."

"నీ రీడింగులు సుక్కకు ఎరుకనా?" అన్నాడు. అయినా నా మాటకు ఎదురు చెప్పకుండా ఆటో వెనకాలే బండి మీద వచ్చాడు.

గేటు దగ్గర వాచ్‌మన్ ఖాజా భాయ్ ఆపాడు. "మేడమ్, గిదేంది?"

"టీచింగ్ ఎయిడ్ భాయ్."

"అయితే రిజిస్టర్ల పేరు రాయుండ్రి."

నా పేరు కింద 'సుక్క' అని రాశాను. బాపు అక్కడే స్టూలు మీద కూర్చున్నాడు.

ల్యాబులో ముప్పై మంది పిల్లలు, ముందు వరసలో హెచ్‌ఓడీ మేడం. గొర్రెను చూసి ఆవిడ కళ్లద్దాలు సర్దుకున్నారు. నేను మైకు ఆనించి గట్టిగా చెప్పాను: "ఇప్పుడు ఇది ప్రశాంతంగా ఉంది. ఐదు నిమిషాల్లో ఏడు చప్పుళ్లు వినిపిస్తాయి. లెక్కపెట్టండి!"

ఒక నిమిషం. ఏం లేదు. రెండు. మూడు. పిల్లలు వేళ్లు పైకెత్తి పట్టుకుని ఎదురుచూస్తున్నారు, ఒక్క వేలూ మడవలేదు. సుక్క నెమరు కూడా వేయకుండా తలుపు వైపే చూస్తోంది.

"మైకు పనిచేస్తుందా అమ్మా?" మేడం అడిగారు.

పనిచేస్తోందని నిరూపించాలి కదా! తొందరలో మైకు తీసి నా పొట్టకే ఆనించుకున్నా. ఇంకేముంది, ల్యాబు అదిరేలా నా కడుపు గర్జించింది.

వెనక బెంచీ నుంచి ఒకడు లేచాడు. "మేడమ్, భయమైతే కడుపు సప్పుడు చెయ్యదన్నరు గదా. అంటే మీకు భయం లేనట్టేనా?"

మేడం లేచి నా చెయ్యి పట్టుకున్నారు. "ఐసు ముక్కలా ఉంది! రక్తనాళాలకు భయం తెలిసింది, పేగుకే తెలియలేదు."

నిజం చెప్పనా? భయంలో పెద్దపేగు దారి వేరు. అది మెదడు నుంచి వచ్చే ఇంకో సందేశం విని తొందరపడుతుంది. ఆ పేజీ నేను వదిలేశాను. పేజీని నేను వదిలాను కానీ పెద్దపేగు నన్ను వదల్లేదు. "రెండు నిమిషాలు మేడం!" అని మైకు మళ్లీ సుక్క డొక్కకు తగిలించి, తాడు ఆవిడ చేతిలో పెట్టి బాత్రూముకు పరుగెత్తాను.

వచ్చేసరికి తొమ్మిది నిమిషాలైంది. తలుపు బయటికే వినిపిస్తోంది, గుడగుడ! లోపల బాపు సుక్క పక్కన గొంతుక్కూర్చుని దాని మెడ నిమురుతున్నాడు. పిల్లలు వేళ్లు మడుస్తున్నారు.

"తాడు పట్టుకోవడం రాక నేనే వాచ్‌మన్‌తో మీ నాన్నగారిని పిలిపించాను," అన్నారు మేడం. "మీ ప్రయోగం ఎందుకు తప్పిందో ఇప్పుడు చెప్పగలరా?"

ఉద్యోగం దీనిమీదే ఉందని ఆవిడ గొంతులోనే తెలిసింది. బోర్డు మీద రాశాను: 'మందలో కొలిచాను. ఒంటరిగా తెచ్చాను. గేటు దాటినప్పటి నుంచే దానికి భయం. నేను మొదలుపెట్టక ముందే ప్రయోగం మొదలైంది.' కింద ఇంకో మాట కూడా: 'ఈ సంగతి బాపు ముందే చెప్పాడు.'

మేడం నవ్వారు. "సోమవారం వచ్చి చేరండి. పెద్దపేగు పాఠం మాత్రం చదువుకుని రండి."

తిరుగు దారిలో ఖాజా భాయ్ రిజిస్టరు తెరిచి అడిగాడు: "ఇంటర్వ్యూ ఎవరికి మేడమ్?"

ఏం చెప్పను? వెళ్లింది ఇద్దరం. భయం గురించి ఒక్క తప్పూ లేకుండా పాఠం చెప్పింది ఒక్కతే. ఆవిడ ఇప్పుడు హాలియాలో నెమరు వేస్తోంది. జీతం మాత్రం నాకొస్తుంది!