ఎల్లవ్వను అడగని ప్రశ్న

2007. సూరత్‌లో పర్వత్ పాటియా దగ్గరి ఒక ట్రస్టు ఆసుపత్రిలో నేను ఓటీ టెక్నీషియన్‌ని. ఆపరేషన్‌కు ముందు బల్ల, లైట్లు, అనస్థీషియా మెషిన్ సరిచూడడం, పరికరాలు అందించడం నా పని. ఆసుపత్రి మొత్తంలో తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకని జోల్వా వైపు మగ్గాల లైన్ల నుంచి మనవాళ్ళెవరైనా వస్తే, మాట అటూ ఇటూ చేర్చడానికి ఓపీ నుంచి నాకు కబురొచ్చేది.

ఎల్లవ్వ అలాగే వచ్చింది. వయసు యాభై ఎనిమిది. కరీంనగర్ వైపు పల్లె నుంచి భర్త మల్లయ్యతో వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. ఆయన పాళీల్లో, అంటే షిఫ్టుల్లో, పవర్‌లూమ్ నడుపుతాడు, ఆమె ఇంట్లో కూర్చుని చీరల దారాలు కత్తిరిస్తుంది. కూరగాయలు బేరమాడే హిందీ ఆమెకు బాగానే వచ్చు. ఒంటి సంగతులు చెప్పుకునే హిందీ రాదు.

ఆమెకు గర్భసంచి పూర్తిగా జారి బయటికి వచ్చేసింది. వైద్యంలో దీన్ని ప్రొసిడెన్షియా అంటారు, జారుడులో ఇది చివరి దశ. దగ్గితే బయటికి, బిందె ఎత్తితే బయటికి. మూత్రం రావాలంటే వేలితో లోపలికి నెట్టుకోవాలి. ఏడేళ్ళపాటు పాత చీర ముక్క గట్టిగా బిగించి కట్టుకుని పని చేసుకుంది. ఆసుపత్రికి వచ్చాక మొదట రింగ్ పెసరీ, అంటే లోపల ఆపి ఉంచే మెత్తని చక్రం, రెండుసార్లు పెట్టి చూశారు. రెండుసార్లూ జారిపోయింది. ఇక మిగిలింది సర్జరీ.

గైనకాలజిస్టు మేడమ్ గుజరాతీ. ఏ సర్జరీ చేయాలో తేల్చుకోవడానికి ఆమె ప్రశ్నలు వేస్తుంటే నేను తెలుగులో అడుగుతూ వచ్చాను. కాన్పులు ఐదు. బీపీ లేదు. ఆయాసం ఉంది, చలికాలంలో ఎక్కువ. చివరగా మేడమ్ అడిగింది: భర్తతో సంబంధం ఉందా, ఇకముందు కావాలనుకుంటోందా?

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. ఎల్లవ్వ మా అమ్మకన్నా పెద్దది. ఆ ప్రశ్న అడగడానికి సిగ్గేసింది. ఏదో ఒకటి అడిగినట్టు కనపడాలి కాబట్టి, "మీ ఆయన బాగున్నారా అమ్మా?" అన్నాను.

"మంచిగనే ఉన్నడు బిడ్డా" అంది.

"లేదంటోంది మేడమ్" అని చెప్పాను. ఈ వయసులో ఇంకేముంటుందిలే అనుకున్నాను. అబద్ధం చెప్పినట్టు కూడా అనిపించలేదు.

ఆ జవాబు మీద మేడమ్ కాల్పోక్లైసిస్ రాసింది. అందులో గర్భసంచిని తీయరు. లోపలికి నెట్టి, యోనిమార్గం ముందుగోడను వెనకగోడను కలిపి కుట్టేస్తారు. చిన్న సర్జరీ, గంటలో అయిపోతుంది, ఆయాసం ఉన్నవాళ్ళకు ముప్పు తక్కువ, మళ్ళీ జారడం అరుదు. కానీ ఆ దారి శాశ్వతంగా మూసుకుపోతుంది.

సర్జరీకి ముందురోజు మధ్యాహ్నం వార్డులో ఆమె మంచం పక్కన కూర్చుని, ఏమేం జరుగుతుందో వరుసగా తెలుగులో రాసుకున్న కాగితం చదివాను. వెన్నులో ఇంజెక్షన్ ఇస్తారు, నడుము కింద మొద్దుబారుతుంది, మెలకువగానే ఉంటారు. మూత్రానికి ఒకట్రెండు రోజులు కాథెటర్, అంటే సన్నని గొట్టం, ఉంటుంది. కొన్ని వారాలు కొంచెం ఎరుపు కనపడవచ్చు. ఆరు వారాలు బిందె ఎత్తకూడదు, గొంతుక్కూర్చోకూడదు, విరేచనానికి ముక్కకూడదు. జ్వరమొచ్చినా, రక్తం ఎక్కువగా పోయినా, మూత్రం ఆగినా వెంటనే రావాలి.

"నీ తెలుగు పేపర్ల తెలుగు లెక్కుంది బిడ్డా. జర మెల్లగ చదువు" అని నవ్వింది.

కాగితం అయ్యాక కన్సెంట్ ఫారం మిగిలింది. అందులో చివరి వాక్యం మేడమ్ చేత్తో రాసింది. కింద వేలిముద్ర పడాలి, చదవకుండా దాటేయడానికి లేదు. తల ఎత్తకుండా గబగబా చదివాను: ఈ సర్జరీ తర్వాత భార్యాభర్తల సంబంధం ఇక వీలుపడదు.

"మల్ల చదువు" అంది. మళ్ళీ చదివాను.

"గిది ఎవలు చెప్పిన్రు?"

మేడమ్ అడిగిందనీ, లేదని నేను చెప్పాననీ నసిగాను.

"నన్నెవలు అడిగిన్రు? నువ్వు మా ఆయన మంచిగున్నడా అంటివి. ఉన్నడంటి." ఆమె గొంతు పెంచలేదు. దుప్పటి అంచు సర్దుకుంది. "ఏడేండ్ల సంది ఆయన్ను దగ్గరికి రానియ్యలే. ఎందుకో చెప్పలే. పాళీ దిగొచ్చి గోడ దిక్కు మర్లి పండుకుంటడు. నేనంటే గిట్టదనుకున్నడో, ఆయనంటే నాకు గిట్టదనుకున్నడో. నీకు బాగైతదని డాక్టరమ్మ అన్ననాడు నాకు మొదాలు గదే మతికొచ్చింది."

ఫారం మడిచి నేరుగా ఓపీకి వెళ్ళాను. మేడమ్‌తో రెండు వాక్యాలే చెప్పాను. ఆ ప్రశ్న నేను ఆమెను అడగలేదు. జవాబు నాది. మేడమ్ అరవలేదు. పెన్ను మూతపెట్టి, "రేపు నీ సిగ్గును నమ్మి ఆమెకు కుట్లు వేసేదాన్ని" అంది. ఆ మాటకంటే తిట్టినా బాగుండేది.

తర్వాత ఆమే వార్డుకు వచ్చింది. కర్టెన్ లాగి, మంచం మీద కూర్చుని, తను అడిగినవి అడిగినట్టే నాచేత అడిగించింది. చెవులు కాలిపోతుంటే అడిగాను. ఎల్లవ్వ చెప్పినవి చెప్పినట్టే మేడమ్‌కు చెప్పాను. రెండో పద్ధతి కూడా ఉందని మేడమ్ చెప్పింది. అందులో గర్భసంచి కిందినుంచే తీసేసి, సడలిన గోడలు బిగించి, యోనిమార్గం పైకొనను కటి ఎముకల దగ్గరి గట్టి లిగమెంటుకు కుట్టి నిలబెడతారు. దారి ఉంటుంది. కానీ సర్జరీ పెద్దది, ఆయాసానికి ముందే మందులు వాడాలి, కొన్నేళ్ళకు మళ్ళీ జారే అవకాశం కొంత ఉంది. అంతా విని ఎల్లవ్వ రెండోదే అంది. భర్తకు చెప్పాలా వద్దా అన్నది ఆమె ఇష్టమేనని మేడమ్ అంటే, పిలిపించమంది.

మల్లయ్య సాయంత్రం పాళీ దిగి వచ్చాడు, మీసాల మీద ఇంకా నూలు దుమ్ము. కర్టెన్ వెనక ఆమే చెప్పుకుంది. నేను బయట నిలబడ్డాను. చాలాసేపు ఆమె మాటే వినిపించింది. చివర ఆయన అన్నది ఒక్కటే విన్నాను: "ఏడేండ్లు నాకు చెప్పకపోతివి." బయటికొచ్చి రుమాలుతో మొహం తుడుచుకుని నన్ను అడిగింది కూడా ఒక్కటే, "ఆమె దమ్ముకు ఏం గాదు గద బిడ్డా?"

ఊపిరితిత్తులు తేలికపడేదాకా అనస్థీషియా డాక్టరు నాలుగు రోజులు ఆగమన్నాడు. సర్జరీకి రెండు గంటలకు పైగా పట్టింది. లోపల రక్తం ఆగడానికి పెట్టిన గాజుగుడ్డ మర్నాడు ఉదయం తీశారు. కాథెటర్ తీశాక మొదటిసారి మూత్రం సరిగా రాలేదు, ఇంకో రోజు గొట్టం ఉంచాల్సి వచ్చింది. ఐదోరోజు ఇంటికి పంపారు. ఆరు వారాల చెకప్‌కు ఇద్దరూ కలిసి వచ్చారు. కుట్లు మానాయి. దగ్గితే అప్పుడప్పుడు చుక్క మూత్రం పడుతోందంటే, కింది కండరాలు బిగించే కసరత్తు నేర్పించారు. ఇక భార్యాభర్తలుగా ఉండొచ్చని మేడమ్ చెప్పింది, నేను తెలుగులో చెప్పాను. ఎల్లవ్వ తలొంచుకుంది. చెప్పులు వేసుకోవడానికి మల్లయ్యకు చాలాసేపు పట్టింది.

ఆ తర్వాత ఎవరికి మాట చేర్చడానికి పిలిచినా రోగికి ముందే ఒక సంగతి చెప్పేవాణ్ణి: మీరు అన్నదే చెప్తాను, నా తరఫున ఏదీ కలపను. సిగ్గు పూర్తిగా పోలేదు. రెండుసార్లు నావల్ల కాదని ఒప్పుకుని, వార్డు ఆయమ్మ చేత హిందీలో అడిగించమన్నాను. అందులో తప్పేమీ లేదు. తెలియని జవాబును తెలిసినట్టు చెప్పడమే తప్పు. ఆ మధ్యాహ్నం ఎల్లవ్వ "మల్ల చదువు" అనకపోయి ఉంటే, మర్నాడు ఆ సర్జరీకి బల్ల సర్ది, సూది దారం అందించేది కూడా నేనే.