డీజే నడుమ నేను

పాటలంటే నాకు ప్రాణం, ఆడాలంటే సిగ్గు. పెళ్లి బరాత్‌లో డీజే మోగిందంటే అందరి బ్యాగులూ ఫోన్లూ పట్టుకుని పక్కన నిలబడేది నేనే.

కిందటేడు కరీంనగర్‌లోని ఓ ఫంక్షన్ హాల్లో జపాన్ కార్టూన్ల అభిమానుల మేళా ఉంటే, మందమర్రి నుంచి ఒక్కదాన్నే వెళ్లాను. అందరూ తమకు నచ్చిన పాత్రల వేషాల్లో వచ్చారు. సాయంత్రం డీజే మొదలవగానే అలవాటు కొద్దీ వాళ్ల అట్ట కత్తులూ రంగుల రెక్కలూ అందుకుని, గోడకానుకుని హాయిగా పాటలు వింటున్నాను. ఇంతలో నక్క వేషంలో ఉన్న అమ్మాయి నన్ను హాలు మధ్యకు లాక్కెళ్లింది. చుట్టూ జనం, ఫోన్లన్నీ నా వైపే. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నాకు ఆడరాదక్కా, ఇడిసిపెట్టు" అన్నాను.

ఆమె నా చేతుల నిండా ఉన్న రెక్కలు చూసి నవ్వింది. "నిన్నెవలు ఆడుమన్నరు? బతుకమ్మ ఎక్కడన్న ఆడుతదా? ఊకె నడిమిట్ల నిలబడు. నీ సుట్టు మేం ఆడ్తం."

అన్నట్టే ఆ డీజే మోతకు అందరూ వంగి చప్పట్లు కొడుతూ నా చుట్టూ తిరిగారు. అప్పుడు గానీ నాకు ఊపిరాడలేదు.

ఇప్పుడు బరాత్‌లో నన్నెవరూ లాగక్కర్లేదు. బ్యాగులన్నీ భుజానికి తగిలించుకుని, నేనే వెళ్లి నడుమ నిలబడుతున్నాను.