ఓడ టైము

జగ్గయ్యపేటలో బస్సెక్కి నా పక్కన కూర్చున్న పెద్దాయన చేతికి గడియారం ఉంది. అయినా నన్ను టైమడిగాడు. చెప్పాను. వెంటనే కండక్టర్నీ అడిగాడు. నాకు ఒళ్లు మండింది.

“ఏమనుకోకండి,” అన్నాడు. “విత్తనాల కంపెనీ వాళ్లు మాలాంటి డీలర్లని సింగపూర్ నుంచి థాయ్‌లాండ్ దాకా ఓడలో తిప్పారండి. ఫుకెట్‌లో దిగేముందు మా తోడల్లుడు, ‘ఈ ఊరి టైము గంట వెనక అన్నయ్యా’ అని నా గడియారం తనే తిప్పి పెట్టాడు. తనది తిప్పుకోలేదు. నాలుగింటికల్లా ఓడెక్కాలన్నాడు. ఆ నాలుగు ఓడ టైమని, ఓడలో సింగపూర్ టైమే నడుస్తుందని చెప్పలేదు. నా గడియారంలో మూడున్నరకి రేవుకెళ్తే ఓడ కదిలిపోతోంది.”

“మర్చిపోయారేమోనండి.”

“నేనూ అదే అనుకున్నా. ఓడ పైనుంచి తను చెయ్యి ఊపుతుంటే, ఓడ ఆపిస్తున్నాడని పరిగెత్తా. టాటా చెప్తున్నాడండి, నవ్వుతూ. ఇవాళ్టికీ ఒకే కొట్లో కూర్చుంటున్నాం.”

నందిగామలో ఆయన దిగిపోయాడు. బస్సు కదులుతుంటే అలవాటుగా కిటికీలోంచి చెయ్యెత్తాను. ఆయన మొహం చూసి, ఊపకుండానే దించేసుకున్నాను.