ఒంటిచెవి గుర్రం తిరిగొచ్చిందని చెప్పినా

మా చిన్నప్పటి బొమ్మల సీరియల్ మళ్లీ వస్తాండాదని ఫోన్లో మెసేజ్ పడిన పొద్దున, నేను నంద్యాలలో నా మిషను ముందర కూర్చోని ఒక పెళ్లికూతురి జాకెట్టుకు చేతులు కుడతాంటి. అది చదివినాక కుడిచెయ్యి ఎడమకు, ఎడమచెయ్యి కుడికి వేసి కుట్టేసినా. మిషను పట్టినప్పట్నుంచి అట్లాంటి తప్పు ఎప్పుడూ చేసిందాన్ని కాదు.

ఆళ్లగడ్డలో మా వీధి పిల్లలందరం ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకోని ఉండాము. అందరికీ నలబై దగ్గర పడినా ఆడికిపోతే పిల్లలమే. ఆ రోజు గ్రూపంతా తిరునాళ్ల మాదిరి అయిపాయ. ఆదివారం పొద్దున తొమ్మిదికి పాత సీరియల్లో కడాఖరి భాగం వేస్తారంట, అది అయిపోతానే కొత్తది మొదలంట. పాత గొంతులే ఉంటాయా, పాత పాటే ఉంటాదా, ఒకటే గోల. నేను మాత్రం భయానికి ఫోన్ బోర్లా పెట్టేసినా. ఎందుకంటే ఆ కడాఖరి భాగం మా గుంపులో చూసింది నేనొక్కదాన్నే. చూసినానని అందరూ అనుకుంటాండారు. నేను చూళ్లేదు.

ఇది అర్థం కావాలంటే అప్పటి కరెంటు సంగతి చెప్పాల. కోతకు వంతులుండేవి. ఒక వారం ఆళ్లగడ్డలో పొద్దున పోతే, ఇంకో వారం మధ్యాన్నం పోయేది. పొద్దున కోత పడిన ఆదివారం మాకు సీరియల్ లేదు, నంద్యాలలో మాత్రం అప్పుడు కరెంటు ఉండేది. అందుకని మేమొక ఏర్పాటు చేసుకుంటిమి. నంద్యాలలో చుట్టాలుండే పిల్లల్లో ఒకరు ఎవరో పెద్దోళ్ల ఎంట తొలి బస్సుకు పోయి, ఆడ చూసి, మధ్యాన్నానికి తిరిగొచ్చి, మా ఇంటి మెట్ల మీద కూర్చోని మిగతావాళ్లకు కథంతా చెప్పాల. దాన్ని 'చూసొచ్చేది' అంటాంటిమి. చూసొచ్చినోళ్లు చెప్తాంటే మధ్యలో ఎవరూ నోరు తెరవగూడదు. చెప్పేవాళ్లు ఒక్క మాట గూడా సొంతానికి కలపగూడదు. ఈ రెండూ తప్పితే ఆ పిల్లను ఇంక ఆటకు రానిచ్చేవాళ్లు కాదు.

సీరియల్లో ఒక పిల్లోడు. ఇల్లు తప్పిపోయి, ఒంటిచెవి గుర్రం మీద ఊర్లు తిరుక్కుంటా వాళ్లింటికి పోతాంటాడు. గుర్రం మెడలో గంట. కడాఖరికి ముందు వారం ఆ గుర్రం ఏటి వరదలో కొట్టుకపోయింది. గంట ఒక్కటి పిల్లోని చేతిలో మిగిలింది.

ఆ వారమంతా మా చిన్నాయన కొడుకు అన్నం ముట్టలేదు. వానికి ఎనిమిదేండ్లు. మా చిన్నాయన శ్రీశైలం కాడ సున్నిపెంటలో డ్యాము పనికి పోతా, ఆదివారం ఆదివారం ఇంటికొచ్చేవాడు. ఆ ఎండాకాలం మా చిన్నమ్మతో ఏదో మాటా మాటా అనుకోని పోయినోడు మళ్లీ రాలేదు. దానికి పిల్లోడు ఒక్కసారన్నా ఏడవలేదు. గుర్రానికి మాత్రం వెక్కి వెక్కి ఏడ్చినాడు. "అక్కా, గుర్రం వస్తాదా?" అని రోజుకు పదిసార్లు నన్ను అడుగుతాంటాడు. నేనేందో ఆ గుర్రాన్ని కట్టేసుకున్నట్టు!

ఆ ఆదివారం చూసొచ్చే వంతు నాది. నంద్యాలలో మా మేనత్త ఇల్లు. టైముకే పోతి. మా అత్త కొడుకు క్రికెట్ పెట్టుకోని ఉన్నాడు. మార్చమంటే మార్చడే. "బొమ్మలు చూసే వయసేనా నీది?" అని పండ్లికిలించినాడు. నా కోపం అప్పుడూ ఇంతే, ఇప్పుడూ ఇంతే. వాని చెయ్యి పట్టుకోని రక్తమొచ్చేట్టు కొరికితి. మా అత్త వచ్చి టీవీ ఆపేసి, నన్ను వంటింట్లో కూర్చోబెట్టి ఎర్రగడ్డలు ఒలిపించింది. సీరియల్ టైమంతా దాంతోనే అయిపాయ.

తిరుగు బస్సులో ఊరొచ్చేదాకా ఏం చెప్పాల్నో తెలీక చచ్చినా. తగువు పెట్టుకోని వంతు పోగొట్టుకున్నానని చెప్పడానికి నాకు నామోషీ. ఇంటికొచ్చి చూస్తే మెట్ల మీద ఎనిమిది మంది. అందరికంటే ముందర మా చిన్నాయన కొడుకు, తలకు నూనె పెట్టించుకోని, చేతులు కట్టుకోని.

"వచ్చింది" అంటి. నోట్లోంచి అదే ఊడిపడింది. ఇంక ఆపుకోలేకపోతి. మూడు దినాలు ఈదిందంట, బండలకు కొట్టుకోని కాళ్లు చీరుకుపోయినా ఈదిందంట, నాలుగో దినం పొద్దున పిల్లోని ఇంటి వాకిట్లోకొచ్చి సకిలించిందంట. అందరూ చప్పట్లు కొట్టినారు. ఆ మధ్యాన్నం వాడు రెండు ముద్దల సంగటి తినె. నాకది చాలనిపించింది. సిగ్గులేనిదాన్ని, అబద్ధానికి సంతోషపడితి.

ఇప్పుడు వాడు ఆళ్లగడ్డలోనే రాతి బొమ్మలు చెక్కుతాడు. దేవుని విగ్రహాలు చెక్కే చేతుల్తోనే కూతురికి ఒక ఒంటిచెవి గుర్రం చెక్కి ఇచ్చినాడు. బేరానికి వచ్చినోళ్లు చూసి, "చెవి ఇరిగిపోయినదాన్ని పెట్టుకున్నావేందన్నా?" అంటారంట. ఇరిగిన బొమ్మను మావైపు ఎవరూ ఇంట్లో పెట్టుకోరు. "ఇరగలేదప్పా, అది అంతే. మూడు దినాలు ఈదొచ్చిన గుర్రం" అని వాళ్లకు గూడా నా కథే చెప్తాడంట. వాని కూతురికి ఏడేండ్లు. ఆ పిల్ల రోజూ గుర్రానికి నీళ్లు పోసి గడ్డి పెడతాది.

మెసేజ్ పడిన సాయంత్రమే వాడు ఫోన్ చేసినాడు.

"అక్కా, ఆదివారం మా ఇంటికాడ అందరం చూస్తాండాము. నువ్వు రాకుంటే కుదరదు."

"కుట్టుపని ఉండాదిరా."

"పని రోజూ ఉంటాది. నా బిడ్డకు చెప్పినా, మీ అత్తే చూసొచ్చింది అని. నీకోసరం ఎదురుచూస్తాండాది."

చెప్పేద్దామని నోరు తెరిస్తి. "సరేలే, వస్తాలే" అంటి. బుధవారం నేనే ఫోన్ చేస్తి. వాడు ఎత్తేలోపల పెట్టేస్తి. ఫోన్లో యాడన్నా ఆ భాగం దొరుకుతాదేమోనని వెతికినా. ముక్కలు ముక్కలు దొరికినాయి గానీ అది మాత్రం దొరకలా. ఒకవేళ నిజంగానే గుర్రం తిరిగొచ్చిందేమో! నేను అల్లింది నిజమే అయ్యుంటే! ఆ ఆశతో ఒక పూట నిమ్మళంగా కుట్టుకునేదాన్ని, ఇంకో పూట కుట్టిందంతా ఊడదీసుకునేదాన్ని. మా ఆయన, "చెప్పేయరాదా, బొమ్మల గుర్రానికి ఇంత ఏడుపేంది?" అన్నాడు. ఆయనకేం తెల్సు. ఆదివారం ఆళ్లగడ్డలో కరెంటు పోతే బాగుండని వెంకటేశ్వరసామికి మొక్కుకుంటి. శనివారం వాడు గ్రూపులో ఫోటో పెట్టినాడు, కొత్త ఇన్వర్టర్ తెచ్చినాడంట. ఓరి నీ పాసుగాల!

ఆదివారం ఎనిమిదిన్నరకంతా వానింట్లో ఉంటి. మా గుంపులోవాళ్లు నలుగురు అప్పటికే వచ్చి ఉన్నారు. పాప గుర్రాన్ని ఒళ్లో పెట్టుకోని టీవీ ముందర కూర్చోని ఉండాది. నన్ను చూస్తానే లేచొచ్చి చెయ్యి పట్టుకుంది. వాడు వాకిట్లో మెట్లు చూపించినాడు.

"అక్కా, కూర్చో. ఇంకా టైముంది. టీవీ కంటే ముందర నువ్వు చెప్పు, అప్పటి మాదిరే. అందరూ నోరు మూసుకోండప్పా!"

కూర్చుంటి. కింద నలుగురు పెద్దోళ్లు చేతులు కట్టుకోని కూర్చున్నారు. వాళ్ల ముందర వాడు, వాని పక్కన ఆ పిల్ల. ఇద్దరివీ ఒకటే కండ్లు.

"నేను చూళ్లేదు" అంటి. "ఆ పొద్దు మా అత్త కొడుకును కొరికి, వంటింట్లో ఎర్రగడ్డలు ఒలుస్తా కూర్చున్నా. గుర్రం వచ్చిందో రాలేదో నాకు తెల్దు. అంతా నేనే కల్పించినా."

నలుగురూ ఒక్కసారి నవ్వినారు. "ఓసి దొంగదానా! ఇన్నేండ్లు మమ్మల్ని ఎర్రోళ్లను చేస్తివి గదే!" అని ఒకామె నా వీపున చరిచింది. వాడు నవ్వలేదు. లేచి, పెరట్లో రాళ్లు చెక్కే రేకుల షెడ్డులోకి పోయినాడు. నేను ఎనకాలే పోతి. వాడు ఒక బండ మీద కూర్చోని, ఉలి చేత్తో పట్టుకోని దాన్నే చూస్తాండాడు.

"రేయ్, తప్పైపోయిందిరా. నువ్వు అన్నం తింటావని..."

"మూడు దినాలు ఈదొచ్చింది అంటివి గదక్కా" అన్నాడు. "అప్పట్నుంచి శ్రీశైలం బస్సు వచ్చినప్పుడల్లా నేను బస్టాండుకు పోతాంటి. గుర్రమే వచ్చినప్పుడు మా నాయన రాడా అని. ఏడాది పోయినా. మాయమ్మకు తెల్దు. ఎవరికీ తెల్దు."

చిన్నాయన రాలేదు. ఈ పొద్దుకు గూడా రాలేదు. వాడు బడి ఎగ్గొట్టి యాడికో పోతాండాడని నేనే చిన్నమ్మకు చాడీలు చెప్పి కొట్టించిన రోజులున్నాయి. వాని కాళ్లకాడ కూర్చోని ఏడిస్తి.

ఇంట్లో పాత పాట మొదలయింది. అదే పాట, అవే గొంతులు. వాడు లేవలేదు. పాప షెడ్డు వాకిట్లోకొచ్చి నిలబడి మా ఇద్దరినీ చూసింది.

"నాయనా, రావా?"

వాడు తల అడ్డంగా ఊపినాడు.

"అయితే నువ్వు ఈడే ఉండు. నేను చూసొస్తా" అని, గుర్రాన్ని వాని ఒళ్లో పెట్టి లోపలికి పరిగెత్తింది.

ఆ అరగంట మేమిద్దరం షెడ్డులోనే ఉంటిమి. లోపల నుంచి గాలి చప్పుడు, నీళ్ల చప్పుడు, ఎవరో ముక్కు చీదిన చప్పుడు. గుర్రం సకిలింపు కోసరం నేను చెవులు రిక్కించి కూర్చుంటి. వాడూ అంతే. నీ కాళ్లు మొక్కుతా, వచ్చేయ్, వచ్చేయ్ అని లోలోపలే ఆ బొమ్మల గుర్రాన్ని బతిమాలుకున్నా.

పాప వచ్చింది. కండ్లు ఎర్రగా ఉండాయి. వాని ముందర మట్టిలో కూర్చోని, చేతులు ఒళ్లో పెట్టుకోని చెప్పింది.

"పిల్లోడు ఏటి ఒడ్డున మూడు దినాలు కూర్చున్నాడు. గుర్రం రాలేదు. అప్పుడు లేచి నడుచుకుంటా వాళ్లింటికి పోయినాడు. వాళ్లమ్మ ఎదురొచ్చింది. గంట తీసి వాకిలికి కట్టినాడు."

"మళ్ల?" అన్నాడు వాడు.

పాప ఒకసారి నా మొహం చూసింది. తర్వాత వాళ్ల నాయన మొహం చూసింది.

"అంతే నాయనా. రాలేదు."