ఇన్‌స్పెక్షన్ రోజు సున్నం

కొన్నేళ్ల కిందట ఒక ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు మా నాన్న పెరట్లో కూర్చుని బకెట్లో సున్నం కలపడం మొదలుపెట్టాడు. నీళ్లు నేను పోశాను. ఆ రోజు పదకొండింటికి కలకత్తా నుంచి బ్యాంకు ఆఫీసరు మా షెడ్డు చూడ్డానికి వస్తున్నాడు.

మొన్న నాన్న పెదకర్మ నాడు, భోజనాల దగ్గర, ఒక బంధువు ఆయనకి వ్యాపారం చేతకాలేదన్నాడు. పంక్తిలో ఇద్దరు ముగ్గురు తల ఊపారు. నేను పప్పు వడ్డిస్తున్నాను. అప్పుడు అననిది ఇప్పుడు రాస్తున్నాను.

నాన్న ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో మోల్డరు. ఇసుకలో అచ్చు తీసి, కరిగిన ఇనుము అందులో పోసి, బ్రేకు దిమ్మలు తయారుచేసే పని. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మా తాతదీ అదే పని. రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేసి అదే ఊళ్లో మలంచా అనే చోట అద్దె ఇంట్లో దిగాం. పెరట్లో రేకుల షెడ్డు వేసి, చిన్న కొలిమి కట్టి, నాన్న బొగ్గు పొయ్యిలకి జాలీలు, చేతిపంపులకి మూతలు పోసేవాడు. విరిగిన జాలీ తెచ్చిస్తే దాన్నే కరిగించి కొత్తది చేసిచ్చేవాడు. తనతోపాటు రిటైరైన ఇంకో మోల్డరు తోడుండేవాడు. ఇద్దరూ ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు.

కొలిమికి గాలి కొట్టే బ్లోయరు చేత్తో తిప్పాలి. ఆ వయసులో వాళ్ల భుజాలు చాలడం లేదు. కరెంటుతో తిరిగే బ్లోయరు వస్తే షెడ్డు నిలుస్తుంది, రాకపోతే మూతపడుతుంది. ఇది మా ఇంట్లో అందరికీ తెలుసు.

మామూలు బ్యాంకువాళ్లు భూమి కాగితాలు అడిగారు. రెండు తరాలు రైల్వే క్వార్టర్లలో బతికినవాళ్లకి భూమి ఎక్కడిది? అప్పుడు ఎవరో అభివృద్ధి బ్యాంకు సంగతి చెప్పారు. దాని పుస్తకం తెప్పించి నేనే చదివాను. ఆస్తి లేకపోయినా పని తెలిసినవాడికి యంత్రం కొనుక్కోవడానికి అప్పిచ్చి, ఊళ్లలో సొంత పరిశ్రమలు పెంచడమే తమ ఉద్దేశమని అందులో ఉంది. నాలుగు రోజుల ముచ్చట కాకుండా, నిలిచి సాగే పని కావాలని కూడా ఉంది. నాకది మా నాన్న గురించే రాసినట్టు అనిపించింది. దరఖాస్తు ఇంగ్లీషులో నేనే రాశాను. ఆ పుస్తకంలో ఒక షరతు ఉంది: షెడ్డు నడుస్తూ ఉండాలి, ఆఫీసరు వచ్చి చూసుకోవాలి. అదీ చదివాను.

నాన్నకి ఇన్‌స్పెక్షనంటే రైల్వే ఇన్‌స్పెక్షనే. పెద్ద ఆఫీసరు ఏడాదికోసారి వస్తాడనగానే వర్క్‌షాపులో పదిహేను రోజుల ముందు నుంచి హడావిడి. దారి పక్క రాళ్లకి సున్నం, పనిముట్లకి రంగు. తుక్కు ఇనుము వ్యాగన్లలోకెక్కించి పక్క స్టేషనుకి పంపేసి, ఆఫీసరు వెళ్లాక తిరిగి తెప్పించేవారు. ఆయన వచ్చే వేళకి పని ఆపి, ఉతికిన బట్టలతో వరసలో నిలబడాలి. ఆయన చూడాల్సింది పని కాదు, మర్యాద.

బ్యాంకు ఆఫీసరు వచ్చే రోజు పోతకి ముందురోజే ఇరవై రెండు అచ్చులు తీసి ఉన్నాయి. నాన్న వాటిని పగలగొట్టి, ఇసుక గోనె సంచుల్లోకి ఎత్తించాడు. జాలీలన్నీ ఇంట్లో మంచాల కిందకి చేరాయి. గోడలకి సున్నం, కొలిమికీ సున్నం. మామయ్య, అంటే నాన్న బావా అని పిలిచే ఆ రెండో మోల్డరు, గుమ్మంలో నిలబడి కాసేపు చూశాడు.

“బడిలాగున్నాది బావా, కొలిమిలాగ లేదు. నన్ను కూడా సున్నమెట్టి గోడకి నిలబెట్టేస్తావా ఏటి?”

“నువ్వు ముందా లుంగీ మార్సుకుని రా,” అన్నాడు నాన్న.

నవ్వుకున్నాం. నేనూ నవ్వాను. షెడ్డు నడుస్తూ ఉండాలన్న షరతు అప్పుడు నాకు గుర్తుందో లేదో ఎంత ఆలోచించినా తేలడం లేదు.

ఆఫీసరు జీపులో వచ్చాడు. నెమ్మదైన బెంగాలీ మనిషి. షెడ్డు చుట్టూ ఒకసారి చూసి, ఈ రోజు పని లేదా దాదా అని హిందీలో అడిగాడు. “ఆప్‌కే లియే బంద్ కియా, సాబ్,” అన్నాడు నాన్న, మీకోసమే ఆపేశానని, గొప్పగా. ఆఫీసరు ఏదో రాసుకున్నాడు. టీ తాగాడు. పావుగంటలో వెళ్లిపోయాడు.

గోడల మీద సున్నం ఇంకా తడిగానే ఉంది. కొలిమి మీద మాత్రం అప్పటికే ఆరిపోయింది. ముందురోజు పోత వేడి ఇటుకల్లో ఉంది. ఆయన ఒక్కసారి చెయ్యి పెట్టి చూస్తే సరిపోయేది. పని తెలిసినవాడి కోసం పుట్టిన బ్యాంకు పని ఎలా ఉంటుందో తెలియని మనిషిని పంపింది. తనకోసం పని ఎందుకు ఆపావని ఒక్క ప్రశ్న అడగాలని ఆయనకి తోచలేదు.

నెల తర్వాత ఉత్తరం వచ్చింది. నాన్న నా ఎదుట కూర్చుని తెలుగులో చెప్పమన్నాడు. షెడ్డు నడవడం లేదనీ, ఉత్పత్తి జరుగుతున్న ఆనవాలు లేదనీ, అందువల్ల అప్పు ఇవ్వలేమనీ రాశారని చెప్పాను.

ఆయన చేతులు మోకాళ్ల మీద ఉన్నాయి. గోళ్లలో నల్ల ఇసుక.

“మరి ఆడు ఏటి సూడ్డానికొచ్చినాడమ్మా?”

నేను బ్యాంకుకి జవాబు రాశాను. జరిగింది జరిగినట్టు, రెండు పేజీలు. వచ్చే ఏడాది మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చని ఒక లైను వచ్చింది. ఆ ఏడాదే మా వీధి చివర ఒక షెడ్డుకి అదే బ్యాంకు అప్పు దొరికింది. ఆఫీసరు వచ్చే రోజు అందులో అద్దెకి తెచ్చిన లేతు మిషను తిరిగింది, కూలికి తెచ్చిన మనుషులు తిప్పారు. అది మేమందరం చూశాం. ఇప్పుడక్కడ బియ్యం బస్తాలు దాస్తున్నారు. ఆ షెడ్డు ఆయనకి వ్యాపారం చేతనైందని మా బంధువు అంటాడు కాబోలు.

మళ్లీ దరఖాస్తు పెడదామంటే నాన్న ఒప్పుకోలేదు. మామయ్య భుజం పట్టేసి రావడం మానేశాడు. నాన్న ఒక్కడే బ్లోయరు చక్రం తిప్పుతూ, పరుగెత్తి అచ్చుల్లో పోస్తూ ఇంకో పద్నాలుగు నెలలు నడిపాడు. తర్వాత కొలిమి ఇటుకలు విప్పి పెరట్లో పేర్చాడు. వాటిలో కొన్నింటి మీద సున్నం ఇంకా ఉంది.

మా ఇంటికి ఎవరు వస్తున్నారన్నా ఇప్పుడు సున్నం వేయడం లేదు.