ఉస్తాద్ చెయ్యి

నాంపల్లి స్టేషన్ వెనక గల్లీల మాది నేమ్‌ప్లేట్లు చెక్కే దుకాణం. చేత్తో చెక్కుడు బందయినంక మూడు మోటర్లతోని నేనే మిషన్ బిగించిన. జాయ్‌స్టిక్ ఎటు తోస్తే సూది అటు పోతది, బటన్ ఒత్తితే ఇత్తడి రేకు మీదికి దిగుతది.

నాకు పని నేర్పిన ఉస్తాద్‌కు అప్పటికే చెయ్యి వణికేది. ఆ మాటంటే మీదికొచ్చేటోడు. అందుకే స్టిక్ జరంత కదిలితే మిషన్ పట్టించుకోకుండ ప్రోగ్రాం మార్చిన, ఆయనకు తెల్వకుండ.

"చూసినవా, నా చెయ్యి ఎన్నడన్న వణికిందా?" అని మురిసేటోడు.

"లేదు ఉస్తాద్" అనేటోన్ని.

ఆయన పోయి నాలుగేండ్లయినా ఆ మార్పు తియ్యబుద్ధి కాలే. స్టిక్ తోసినప్పుడల్లా, సూది కదలని ఆ జరంత జాగల ఆయన చెయ్యి ఇంకా వణుకుతున్నట్టే ఉండేది.

సన్న అక్షరాలకు ఆ మార్పు అడ్డమొస్తదని మొన్న చిరాకు లేసి తీసేసిన. స్టిక్ పట్టుకున్ననో లేదో సూది వణికింది. రైలొచ్చిందేమో అని చెవి పెట్టిన. ఏ చప్పుడూ లేదు. ఉస్తాదే వచ్చి నిలబడ్డడని ఒళ్లు జల్లుమన్నది.

స్టిక్ మీదికెల్లి నా చెయ్యి తీసిన. సూది ఆగింది.