ఎల్లంపల్లి నీళ్ల మీద రాయమల్లు పల్టీ

బొగ్గుబాయిలో ముప్పై నాలుగేళ్లు పని చేసిన మనిషి మెడ ఎట్లా ఉంటుందో బాలవ్వకు తెలిసినంతగా ఏ డాక్టరుకూ తెలియదు. రాయమల్లు రిటైరై మూడేళ్లయినా ఇప్పటికీ సొంతింటి గడప దాటేటప్పుడు తల వంచుతాడు. ఆ గుమ్మం అతని నెత్తికి జానెడు పైనే ఉంటుంది. పెళ్లి పందిట్లోకి పోయినా వంచుతాడు. నస్పూర్ బస్టాండులో నిలబడ్డా అంతే, భుజాలు పైకి, తల లోపలికి, తాబేలు లాగా. భూమి కింద కప్పు ఎక్కడ దిగి ఉంటుందో తెలియదు కాబట్టి గనిలో అందరికీ అలవాటయ్యేది అదే. పైకి వచ్చాక కొందరికి పోతుంది. రాయమల్లుకు పోలేదు.

అలాంటి మనిషి అరవై రెండో ఏట పతంగి పట్టుకొని నీళ్ల మీద ఎగరడం మొదలుపెట్టాడంటే కాలనీలో మొదట ఎవరూ నమ్మలేదు.

పతంగి అంటే పిల్లలు మేడ మీద ఎగరేసే కాగితం ముక్క కాదు. నలుగురు పడుకునే దుప్పటంత ఉంటుంది. అంచున గాలి నింపే గొట్టం, దానికి పొడవాటి తాళ్లు, ఆ తాళ్ల చివర పట్టుకోవడానికి ఒక కట్టె. నడుముకు పట్టా, కాళ్ల కింద పలక. గాలి పతంగిని గుంజుతుంది, పతంగి మనిషిని గుంజుతుంది. మొదటి రోజు నడుముకు ఆ పట్టా బిగిస్తుంటే రాయమల్లు నవ్వాడు. "అరే, లాంప్ రూముల ఇచ్చే బ్యాటరీ బెల్టు లెక్కనే ఉన్నది గదరా! బత్తి ఒక్కటే తక్కువ."

ఎరుపు, పసుపు రంగుల ఆ పతంగి రాయమల్లు, బాలవ్వల కొడుకు సుధాకర్‌ది. ఒక్కడే కొడుకు. గల్ఫ్‌లో సముద్రం ఒడ్డున పని. ముందు దొరల పతంగులకు గాలి కొట్టేవాడు, తరవాత తను నేర్చుకున్నాడు, చివరికి ఇతరులకు నేర్పే దాకా వచ్చాడు. మూడేళ్ల కింద అక్కడే జ్వరమొచ్చి పది రోజుల్లో పోయాడు. వాడితో ఒకే గదిలో ఉండే మందమర్రి దేవదాస్ ఆ సామాను తెచ్చి ఇంట్లో దించాడు. దాంతో పాటు తన ఫోన్‌లో ఉన్న చిన్న వీడియో ఒకటి రాయమల్లు ఫోన్‌లోకి ఎక్కించిపోయాడు. అందులో సుధాకర్ నీళ్ల మీద దూసుకొస్తాడు, గాల్లోకి లేస్తాడు, వెనక్కి గుండ్రంగా పల్టీ కొట్టి మళ్లీ నీళ్ల మీద నిలబడతాడు. తడి మొహంతో పళ్లన్నీ కనపడేలా నవ్వుతాడు. అంతే, అయిపోతుంది.

రాయమల్లు దాన్ని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూసేవాడు. బాలవ్వ ఆ గదిలో ఉండేది కాదు.

రెండేళ్లకు దేవదాస్ సెలవు మీద వచ్చినప్పుడు రాయమల్లు అడిగాడు. "నెత్తి కిందికి అయినప్పుడు వానికి ఏం కనవడ్డదిరా?"

"అది చెప్తే తెల్వది కాకా. చేస్తేనే తెలుస్తది."

దేవదాస్ మాటవరసకు అన్నాడు. తెల్లారేసరికి రాయమల్లు భుజం మీద తువ్వాలతో మందమర్రిలో వాళ్ల ఇంటి ముందు కూర్చొని ఉన్నాడు.

గల్ఫ్‌లో ఎండలు మండే నెలల్లో దొరలు సముద్రానికి రారు, అందుకే దేవదాస్‌కు సెలవు. ఇక్కడేమో అప్పుడే ఆషాఢం గాలి. అట్లా కుదిరింది. చేపలు పట్టే వెంకటి తన ఇంజను పడవ ఇచ్చి తోడుండటానికి ఒప్పుకున్నాడు. ఎల్లంపల్లి ప్రాజెక్టు నీళ్లలో పోయినేడు సెలవంతా పతంగి రాయమల్లును బురదలో ఈడ్చింది. గోదావరి సగం తాగేశానని అతనే చెప్పుకున్నాడు. చిన్నప్పటి ఈత ఉంది కాబట్టి బతికాడు. ఈ ఏడు పలక మీద నిలబడి పోవడం వచ్చింది, ఎగరడం వచ్చింది. మిగిలింది పల్టీ ఒక్కటే. సోమవారం దేవదాస్ ప్రయాణం. ఈసారి వేరే చోట పని, రెండేళ్లు సెలవు లేదు. దేవదాస్ లేకుండా ఈ ముసలాయనను నీళ్లలో దిగనిచ్చేవాళ్లు ఎవరూ లేరు, అందరికంటే ముందు బాలవ్వే ఒప్పుకోదు. అంటే ఆదివారం లోపల కొడితే కొట్టినట్టు.

శనివారం ఏడుసార్లు ప్రయత్నించాడు. ఏడుసార్లూ ఒకటే కథ. లేవడం బాగానే లేస్తాడు. లేచీలేవగానే గడ్డం ఛాతీకి అతుక్కుంటుంది, భుజాలు చెవులకు తగులుతాయి, తిరగాల్సిన ఒళ్లు సగంలో ఆగిపోతుంది. గోడకు పిడక కొట్టినట్టు వీపు మీద నీళ్లకు తగులుతాడు. ఆ చప్పుడు ఒడ్డున కూర్చున్న బాలవ్వ దాకా వచ్చేది.

"కాకా! నెత్తి తిప్పు! ఎడమ బుజం మీదికెల్లి ఎన్కకు చూడాలె. నెత్తి ఎటు పోతే ఒళ్లు గటే పోతది!"

"నాకు తెల్వదారా? పైకి లేవంగనే ఎవడో మెడ పట్టుకొని వంచినట్టైతది. గక్కడ కప్పు లేదని నాకెర్కే. మెడకు ఎర్కలేదు!"

దేవదాస్ ఆలోచించి తువ్వాలను చుట్ట చుట్టి రాయమల్లు గడ్డం కింద కట్టాడు, తల వంగకుండా. ఆ వేషంతో నీళ్లలోకి పోతుంటే వెంకటి ఊరుకుంటాడా?

"ఏం కాకా, సర్ది అయిందా? మఫ్లర్ కట్టినవ్!"

ఎనిమిదోసారి తువ్వాల నీళ్లపాలైంది. పల్టీ మాత్రం రాలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో బాలవ్వ చాయ్ గ్లాసు తెచ్చి అతని ముందు ఠక్కున పెట్టింది. "ఇగో" అంది. అంతే.

కొత్తగా కాపురానికొచ్చినప్పుడు కూడా ఆమె మొగుణ్ని ఇగో అనే పిలిచేది, పేరు పెట్టి పిలవకూడదు కదా. సుధాకర్ పుట్టాక ఆమెకు ఒక పిలుపు దొరికింది. ఓ సుధాకర్ బాపూ! మొదటి షిఫ్టు రోజుల్లో తెల్లవారకముందే రాయమల్లు సైకిలు నడిపించుకుంటూ సందు చివరికి పోయేవాడు. అప్పుడు గేటు దగ్గర నిలబడి గట్టిగా పిలిచేది. సద్దిగిన్నె మర్చిపోయినవ్ అని. నిజానికి గిన్నెను అందకుండా కుండల దొంతుల వెనక పెట్టేది ఆమే. భూమిలోకి దిగే మనిషి ఒక్కసారి వెనక్కి తిరిగి మొహం చూపించి పోతే చాలని ఆమె ఆశ.

అతను తిరిగే తీరు కూడా వేరుగా ఉండేది. మనలాగా ఓరకంట చూడడం కాదు. చీకట్లో బత్తి నొసటి మీద ఉంటుంది. వెనక నుంచి తోటివాడు పిలిస్తే కళ్లు తిప్పి ఏం లాభం? బత్తి తిరగాలి. బత్తి తిరగాలంటే మొత్తం తల తిరగాలి. అట్లా అలవాటైన మనిషి, ఇంటి సందులో కూడా తల గిర్రున తిప్పేవాడు, దాని వెంట భుజం, దాని వెంట సైకిలు.

కొడుకు పోయిన తరవాత ఆ పిలుపు ఆమె గొంతు దాటలేదు. మళ్లీ ఇగో దగ్గరికే వచ్చింది. లేదంటే గ్లాసు చప్పుడు, గాజుల చప్పుడు. రాయమల్లు గమనించాడు, అడగలేదు.

ఆదివారం సర్వపిండి కాల్చి డబ్బాలో పెట్టుకొని బాలవ్వ కూడా బయలుదేరింది. ఒడ్డున చీర కొంగు నెత్తి మీద వేసుకొని కూర్చునేదల్లా ఆ రోజు లేచి పడవ దగ్గరికి వచ్చింది.

"ఆఖరి రోజు గదా, దగ్గరికెల్లి చూస్త" అంది.

వెంకటి నోరు తెరిచాడు. "చిన్నవ్వా, నీకు ఈతొస్తదా?"

"నాకు రాదు. నీకొస్తది గదా, నువ్వే తియ్యి."

కొత్త నీళ్లు ఎర్రగా ఉన్నాయి. అవతల రామగుండం పొగగొట్టాలు. రాయమల్లు మూడుసార్లు లేచాడు, మూడుసార్లు పిడక కొట్టాడు. మూడోసారి పైకి తేలి దగ్గుతూ, "చేపలు నవ్వుతున్నయిరా వెంకటీ" అని అరిచాడు.

"నవ్వవా మరి! రెండేండ్ల సంది నా వలకు ఒక్కటి వస్తలేదు. అన్ని నీ ఆట చూడనీకే పోతున్నయ్!"

సాయంత్రమైంది. మంథని దిక్కు మబ్బు పట్టింది. దేవదాస్ వేలు తడిచేసి గాలిలోకి లేపి చూశాడు. "కాకా! గాలి తగ్గుతున్నది. ఇంకొక్కటి, మహా అంటే రెండు!"

రాయమల్లు చెయ్యి ఊపి పలక మీద లేచాడు. పడవ గాలి వచ్చే వైపు ఉంది, అతను పడవ ముందు నుంచి దూరంగా పోతున్నాడు. ఒడ్డు నుంచి చూసినన్నాళ్లు బాలవ్వకు అతను అడ్డంగా కనపడేవాడు. ఇప్పుడు వీపు కనపడింది. పోతున్న వీపు, లోపలికి కుంగిన మెడ. ఆ వీపును ఆమె ఎన్ని తెల్లవారుజాముల్లో చూసిందో లెక్క లేదు.

"దేవదాసూ, ఎన్కనుంచి పిలువు" అంది ఉన్నట్టుండి.

"ఆఁ?"

"మీ కాకను పిలువు బిడ్డా!"

"కాకా!" అని దేవదాస్ అరిచాడు. రాయమల్లు తల తిప్పకుండానే ఒక చెయ్యి లేపాడు. వింటున్నాను, చెప్పు అన్నట్టు. పొద్దటి నుంచి దేవదాస్ అరుపులు వినీ వినీ అతనికి అవి ఇంజను చప్పుడుతో సమానమయ్యాయి.

"ఇగో!" అంది బాలవ్వ. ఆ ఇగో పడవ అంచు కూడా దాటలేదు.

అక్కడ రాయమల్లు పలకను గాలికి ఎదురుగా ఒరిగించాడు. పతంగి నడినెత్తికి ఎక్కుతోంది. ఇంకొక్క క్షణంలో లేస్తాడు, మెడ వంగుతుంది, మళ్లీ ఆ చప్పుడు. బాలవ్వ లేచి నిలబడింది. పడవ ఊగింది. వెంకటి ఏదో అన్నాడు, ఆమెకు వినపడలేదు. కడుపులో నుంచి, మూడేళ్ల కింది నుంచి, గేటు దగ్గర నుంచి పిలిచినట్టే పిలిచింది.

"ఓ సుధాకర్ బాపూ!"

గాలి ఆ మాటను మోసుకొని పోయి అతని వీపుకు తగిలించింది.

తల తిరిగింది. ఎడమ భుజం మీదుగా, మొత్తం తల, నొసటి మీద బత్తి ఉన్నట్టే గిర్రున. దాని వెంట భుజం పోయింది. దాని వెంట నడుము. కాళ్లు పలకతో సహా మబ్బు వైపు లేచాయి, అరవై మూడేళ్ల రాయమల్లు ఎల్లంపల్లి నీళ్ల మీద తలకిందులై, అక్కడ ఆగకుండా ఇటు తిరిగి వచ్చి, పలక నీళ్లకు తగిలి నాలుగు గజాలు నిలబడే జారాడు. ఆ తరవాతే కూలబడ్డాడు. పతంగి మాత్రం పైన అట్లాగే ఉంది.

నీళ్లలో నుంచి రాయమల్లు గొంతు వచ్చింది.

"ఏం మర్సిపోయిన్నే?"

బాలవ్వకు నవ్వొచ్చింది. ఆపుకోవాలని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, ఆగలేదు. నవ్వీ నవ్వీ పడవలో కూర్చుండిపోయింది. కళ్లలో నీళ్లు కారుతుంటే తుడుచుకోవడం కూడా మర్చిపోయి నవ్వింది. దేవదాస్ ఎగిరి గంతేశాడు. "కూసో రా నాయనా, పడవ బోల్తా కొడ్తది! ఒక్కరోజు ఒక్క పల్టీ చాలు!" అని వెంకటి అరుస్తూనే ఉన్నాడు.

పడవ దగ్గరికి పోయింది. రాయమల్లు రొప్పుతున్నాడు. మొహం మీద ఎర్రనీళ్లు కారుతున్నాయి, పళ్లన్నీ కనపడుతున్నాయి.

"కాకా, ఏం కనవడ్డది?"

"ఏమున్నదిరా. మొగులు కింద, నీళ్లు మీద. రామగుండం పొగగొట్టాలు సొరకాయల లెక్క ఏలాడుతున్నయ్." కాసేపు ఊపిరి పీల్చుకున్నాడు. "పడవ ఉల్టా. పడవల మీ చిన్నవ్వ ఉల్టా. నోరు తెరుసుకొని." దగ్గి నీళ్లు ఉమ్మాడు. "వీడియో తీసినవా?"

దేవదాస్ ఫోను జేబులో, కవరులో భద్రంగా ఉంది.

"అయ్యో కాకా!"

"ఫికర్ జెయ్యకు. మళ్లొక్కపారి పిలుస్తె ఐపాయె."

"పిలిచినప్పుడల్లా తిరుగుతవా?" అంది బాలవ్వ.

"ఇరవై అయిదేండ్లు గిన్నె దొంతుల ఎన్క దాసి పిలిచినవ్. ఏనాడన్న తిరగకుంట పోయిన్ననా?"

బాలవ్వ నవ్వు ఆగిపోయింది. "నీకెట్ల తెలుసు?"

"నా గిన్నె యాడున్నదో నాకు తెల్వదా? మర్సిపోయినట్టు నేనే పొయ్యేటోన్ని."

ఆమె డబ్బా మూత తీసి సర్వపిండి ముక్క విరిచి అతని నోట్లో కుక్కింది. రెండు చేతులూ కట్టె మీదున్న మనిషి, అట్లాగే నములుతూ పతంగిని ఒక పక్కకు వంచాడు. గాలి ఇంకా కొంచెం మిగిలి ఉంది. పలక నీళ్లను చీల్చింది, వీపు దూరమైంది.

దేవదాస్ ఈసారి ఫోను బయటికి తీసి పట్టుకున్నాడు. "చిన్నవ్వా, ఎప్పుడు పిలవాల్నో చెప్పాల్నా?"

"నువ్వు చెప్పెడిదేంది" అంది బాలవ్వ. ఒక చేత్తో పడవ అంచు పట్టుకొని లేచి నిలబడి, గొంతు సవరించుకుంది.